థర్మోస్టాటిక్ షవర్ వాల్వ్‌ని ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. వేడి, చల్ల నీళ్లని కలిపి, నాబ్ మీద పెట్టిన ఉష్ణోగ్రతకే షవర్‌లో నీళ్లు వచ్చేలా చూసే వాల్వ్ ఇది. నాబ్ 38 డిగ్రీల దగ్గరే ఉన్నా నీళ్లు ఒకసారి చల్లగా, ఒకసారి ఒళ్లు కాలేలా వస్తున్నాయంటే తప్పు చాలావరకు లోపల ఉండే, విడిగా తీసి మార్చగల భాగం కార్ట్రిడ్జ్‌దే. అందులో మైనం నింపిన చిన్న గొట్టం ఉంటుంది, వేడికి మైనం ఉబ్బి పిస్టన్‌ని నెట్టి వేడినీళ్లు తగ్గిస్తుంది, చల్లబడితే స్ప్రింగ్ దాన్ని వెనక్కి తోస్తుంది. సున్నం గార పట్టి ఆ పిస్టన్ బిగుసుకుంటే ఇక కంట్రోల్ ఉండదు.

ముందు వేడి, చల్ల లైన్లు రెండూ కట్టేసి, షవర్ తిప్పి మిగిలిన నీళ్లు వదిలేయండి. డ్రెయిన్ మీద గుడ్డ వేయండి, స్క్రూ జారితే మళ్లీ దొరకదు. నాబ్ తీసేముందు ఫొటో తీసుకోవడం మాత్రం మర్చిపోవద్దు, నాబ్ లోపలి పళ్లు ఒక్కటి తేడాగా కూర్చున్నా ఉష్ణోగ్రత మారిపోతుంది. తర్వాత కార్ట్రిడ్జ్‌ని బయటికి తీసి, దాన్నీ, నీళ్లు లోపలికొచ్చే చోట ఉండే జల్లెడలనీ నీళ్లు కలిపిన వెనిగర్‌లో కాసేపు నానబెట్టి మెత్తటి బ్రష్‌తో రుద్దండి. రబ్బరు రింగులకు సిలికాన్ గ్రీజే రాయాలి, పెట్రోలియం జెల్లీ రాస్తే చాలా రకాల రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

బిగించాక థర్మామీటర్ పెట్టి చూసి, నీళ్లు 38కి వచ్చిన చోట నాబ్ మీది 38 గుర్తు కలిసేలా తొడగండి. అప్పటికీ దారికి రాకపోతే మైనం పనైపోయినట్టే, అదే మోడల్ కార్ట్రిడ్జ్ కొత్తది వేసేయండి.