బండి సంగతులు: క్రెటానా, ఎలివేటా, హైబ్రిడ్డా?

ప్రశ్న: మేం ఖమ్మంలో ఉంటాం. నేను, మా ఆవిడ, తొమ్మిదో తరగతి చదివే పాప, అమ్మానాన్న. నాన్నకు మోకాళ్ల నొప్పులు. పాత స్విఫ్ట్ ఇచ్చేసి కాస్త పెద్ద బండి తీసుకుందామని చూస్తున్నాం. రోజూ ఆఫీసుకు రానూపోనూ 12 కిలోమీటర్లు, నెలకోసారి హైదరాబాద్. ఆటోమేటిక్ కావాలి, ఆన్‌రోడ్ 18 లక్షలు దాటకూడదు. మా బావ క్రెటా అంటాడు, పాప సెల్టోస్ అంటుంది, ఆఫీసులో వాళ్లేమో హైబ్రిడ్ తీసుకో, 28 మైలేజీ ఇస్తుంది అంటున్నారు. వీటితోపాటు గ్రాండ్ విటారా, హైరైడర్, ఎలివేట్, కుషాక్, టైగన్ కూడా చూశాం. యూట్యూబ్‌లో రివ్యూలు చూసేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: ముందు మీ లిస్టును కుదిద్దాం. మీరు ఏడు బళ్లు రాశారు కానీ నిజానికి అవి నాలుగే. హ్యుందాయ్ క్రెటా, కియా సెల్టోస్ ఒకే గ్రూపువి, ఇంజిన్లూ గేర్‌బాక్సులూ పంచుకుంటాయి. క్రెటా చెన్నై దగ్గర శ్రీపెరంబుదూర్‌లో తయారవుతుంది, సెల్టోస్ మన పెనుకొండ దగ్గర (మన దగ్గర తయారైందని మనకేమీ తగ్గించి ఇవ్వరనుకోండి). మారుతి గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్ రెండూ బెంగళూరు దగ్గర బిడదిలోని టొయోటా ఫ్యాక్టరీ నుంచే బయటికొచ్చాయి, ముందు గ్రిల్లూ లోపల కొన్ని హంగులూ తప్ప పెద్ద తేడా లేదు. స్కోడా కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగన్ కూడా అలాంటి జంటే. హోండా ఎలివేట్ ఒక్కటే ఒంటరి. కాబట్టి క్రెటానా సెల్టోసా అని మీ బావతో, పాపతో వాదన పెట్టుకోకండి. మీ ఊళ్లో ఎవరి సర్వీస్ సెంటర్ బాగుంది, ఎవరు ముందు డెలివరీ ఇస్తారు, మీకు కావాల్సిన వేరియంట్ ఎవరి దగ్గర తక్కువకు వస్తోంది అన్నది చూస్తే ఆ గొడవ అక్కడే తేలిపోతుంది.

అసలు తేల్చుకోవాల్సింది బ్రాండు కాదు, ఇంజిన్, గేర్‌బాక్స్. షోరూంలో అన్నిటినీ 'ఆటోమేటిక్' అనే ఒక్క మాటతో అమ్మేస్తారు గానీ ఈ తరగతిలో మూడు నాలుగు రకాలున్నాయి. మామూలు 1.5 లీటర్ పెట్రోల్ క్రెటా, సెల్టోస్, ఎలివేట్లలో ఉండేది సీవీటీ. గేర్లు మారుతున్నట్టు అసలు తెలియదు, ట్రాఫిక్‌లో హాయి. హైవేలో లారీని దాటడానికి గట్టిగా తొక్కితే మాత్రం ముందు ఇంజిన్ అరుస్తుంది, తర్వాత బండి కదులుతుంది, కొందరికి ఇది అస్సలు నచ్చదు. 1.5 టర్బో పెట్రోల్‌లో (టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసి ఎక్కువ శక్తి రప్పించే ఏర్పాటు) వచ్చేది డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు చకచకా మార్చేది. క్రెటా, సెల్టోస్ టర్బో 160 పీఎస్ (ఇంజిన్ శక్తికి కొలత), కుషాక్, టైగన్ 1.5 టర్బో 150 పీఎస్, నడిపితే సరదా వేరే స్థాయిలో ఉంటుంది, కానీ అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్‌లో ఆ డ్రై క్లచ్‌లు వేడెక్కుతాయి, పైగా నాన్నగారు వెనక కూర్చుంటే మీరా పవర్ ఎప్పుడు వాడతారు? కుషాక్, టైగన్‌లలో చిన్న 1.0 టర్బోకు టార్క్ కన్వర్టర్ ఇచ్చారు, అంటే క్లచ్ బదులు ద్రవం ద్వారా ఇంజిన్ శక్తిని అందించే ఆటోమేటిక్, అది నమ్మకమైన రకం.

ఇక హైబ్రిడ్, అంటే పెట్రోల్ ఇంజిన్‌కు తోడు బ్యాటరీతో పనిచేసే మోటారు ఉన్న బండి. గ్రాండ్ విటారా, హైరైడర్ రెండిట్లోనూ రెండు రకాలున్నాయి, సేల్స్ కుర్రాళ్లు రెండిటినీ హైబ్రిడ్ అనే అంటారు. మారుతి 'స్మార్ట్ హైబ్రిడ్' అనేదీ, టొయోటా 'నియో డ్రైవ్' అనేదీ మైల్డ్ హైబ్రిడ్, అంటే మామూలు పెట్రోల్ ఇంజిన్‌కు చిన్న సాయం అంతే. మీ ఆఫీసువాళ్లు చెప్పిన 28, అంటే కంపెనీ చెప్పే 27.97, స్ట్రాంగ్ హైబ్రిడ్‌ది మాత్రమే. అది బ్యాటరీ మీద కొంతదూరం ఇంజిన్ ఆపేసి కూడా నడుస్తుంది కాబట్టి ఊళ్లో ఆగి ఆగి పోయేటప్పుడే దాని మైలేజీ ఎక్కువ మెరుస్తుంది. 28 రాకపోయినా 20 వస్తుందనే అనుకుందాం, మామూలు పెట్రోల్ ఆటోమేటిక్‌కు 12 అనుకుందాం. మీరు చెప్పినదాన్ని బట్టి నెలకు 800 కిలోమీటర్లు, పెళ్లిళ్లూ తీర్థయాత్రలూ కలిపి ఏడాదికి 10,000. పెట్రోల్ 107 రూపాయల లెక్కన ఏడాదికి మిగిలేది 35 వేల చిల్లర. రెండు బళ్ల మధ్య ఆన్‌రోడ్ తేడా రెండున్నర లక్షలుంటే ఆ డబ్బు తిరిగి రావడానికి ఏడేళ్లు పడుతుంది. అదే మీరు ఏడాదికి 20,000 తిరిగేవారైతే మూడున్నరేళ్లలో వచ్చేస్తుంది, అప్పుడు నేనే హైబ్రిడ్ కొనమనేవాణ్ణి. ఇంకో సంగతి, బ్యాటరీ వెనకాల ఉంటుంది కాబట్టి డిక్కీ బాగా తగ్గిపోతుంది. ఐదుగురు ఊరెళ్లే ఇంట్లో అది చిన్న విషయం కాదు. బ్యాటరీ పోతుందేమోనన్న భయం మాత్రం పెట్టుకోకండి, హైరైడర్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఉంది.

ఇక వెనక సీటు. కుషాక్, టైగన్ నడపడానికి బాగుంటాయి, 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ క్రాష్ పరీక్షలో పెద్దల, పిల్లల భద్రతకు 5 స్టార్లు తెచ్చుకున్న బళ్లు, వాటి మీద నాకు గౌరవం ఉంది. కానీ వెడల్పు తక్కువ, వెనక ముగ్గురు పెద్దవాళ్లకు ఇరుకు. మీ ఇంట్లో ఎప్పుడూ ముగ్గురు వెనక కూర్చుంటారు కాబట్టి వాటిని పక్కన పెట్టేయండి. మిగిలినవాటికి టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లేటప్పుడు నాన్నగారిని వెంట తీసుకెళ్లండి, షోరూంలో కాదు, రోడ్డు మీద ఆపి నాలుగైదుసార్లు ఎక్కి దిగమనండి. ఎలివేట్ గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు) 220 మిల్లీమీటర్లు, మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లకు చాలా మంచిది, మరి ఆయన కాలు అంత ఎత్తు లేస్తుందా అన్నది ఆయన ఎక్కితేనే తెలుస్తుంది. ఏ రివ్యూలోనూ ఇది దొరకదు.

నన్ను సూటిగా అడిగితే, మీకు మామూలు 1.5 పెట్రోల్ సీవీటీ చాలు. ముందు ఎలివేట్ మధ్య వేరియంట్ చూడండి: 121 పీఎస్, 458 లీటర్ల డిక్కీ, టర్బో గొడవ లేని సాదా ఇంజిన్. స్క్రీన్లూ హంగుల్లో క్రెటా ముందు వెలవెలబోతుంది, పాపకు నచ్చకపోవచ్చు. రెండోది క్రెటా లేదా సెల్టోస్ అదే సీవీటీ, వెనక సీటు సౌకర్యంలో, లోపలి హంగుల్లో ఇవే పైచేయి. కానీ మీ 18 లక్షల్లో మధ్య వేరియంట్ దగ్గరే ఆగాల్సి వస్తుంది, ఆగండి, పర్లేదు. ఖమ్మం ఎండల్లో పనోరమిక్ సన్‌రూఫ్ కోసం లక్ష ఎక్కువ పెట్టడం నాకైతే అర్థం కాదు. అన్నట్టు, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ సైజు బళ్లకు సెస్ అనే అదనపు పన్ను తీసేసి జీఎస్టీ 40 శాతం చేశారు, 1.5 పెట్రోల్ బళ్లకు అంతకుముందు అన్నీ కలిపి 45 పడేది, కాబట్టి పాత వీడియోల్లోని ధరలతో లెక్కలు వేసుకోకండి, కొత్త కొటేషన్ రాయించుకోండి.

ప్రశ్న: మాది అనంతపురం. వ్యాపారం పని మీద నెలకు 2,500 కిలోమీటర్లు, ఎక్కువగా బెంగళూరు హైవే. అందరూ డీజిల్ పని అయిపోయింది అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీలాంటివాళ్లకు కాలేదు. నెలకు 2,500 అంటే డీజిల్ వాడాల్సిన మనిషే మీరు. క్రెటా, సెల్టోస్ 1.5 డీజిల్ 116 పీఎస్ ఇస్తుంది, టార్క్, అంటే లాగే బలం, 250 ఎన్‌ఎం, ఆటోమేటిక్ టార్క్ కన్వర్టర్, లాంగ్ డ్రైవ్‌కు చక్కటి జోడీ. డీజిల్‌తో ఇబ్బంది పడేది ఊళ్లోనే రెండు మూడు కిలోమీటర్లు తిరిగేవాళ్లు. బీఎస్6 కాలుష్య నిబంధనల ప్రకారం వచ్చే డీజిల్ బళ్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. ఆ మసి కాలిపోవాలంటే ఇంజిన్ వేడిగా కొంతసేపు ఒకే వేగంతో పరుగెత్తాలి. రోజూ పాల ప్యాకెట్‌కూ బడికీ తిప్పితే ఆ అవకాశం రాక ఫిల్టర్ మూసుకుపోయి డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. మీ బండి హైవే మీదే ఉంటుంది కాబట్టి మీకా బెడద ఉండదు. డీజిల్ వేరియంట్ కొటేషన్ చేతికొచ్చాక పెట్రోల్‌తో తేడా ఎన్ని నెలల్లో వస్తుందో పైన వేసినట్టే లెక్క వేసుకోండి.

ప్రశ్న: విజయవాడలో డీలర్ పోయినేడు తయారైన బండి ఉంది, లక్ష తగ్గిస్తాను అంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: ఏడెనిమిదేళ్లు మీరే వాడుకునేటట్టయితే తీసుకోవచ్చు, మూడేళ్లకు మార్చే అలవాటుంటే వద్దు, ఎందుకంటే ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, అమ్మేటప్పుడు కొనేవాడు మొదట చూసేది అదే. లక్షకు ఒప్పుకోకుండా ఇంకాస్త బేరమాడండి. డబ్బు కట్టకముందే యార్డులో ఆ బండినే చూపించమనండి, ఛాసిస్ నంబర్ రాసుకోండి, ఎండలో నెలల తరబడి నిలబడిన బండి అయితే టైర్లూ బ్యాటరీ చూసుకోండి. తగ్గించిన లక్షను ఇంకో దారిలో లాగేసుకునేవాళ్లూ ఉంటారు: హ్యాండ్లింగ్ చార్జీలు, అడక్కుండా తగిలించిన యాక్సెసరీలు, బయటికన్నా ఎక్కువకు ఇచ్చే ఇన్సూరెన్స్. ఇన్సూరెన్స్ డీలర్ దగ్గరే తీసుకోవాలన్న రూలేమీ లేదు, బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే చాలాసార్లు వాళ్లే తగ్గిస్తారు. 10 లక్షలు దాటిన బండికి 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) వేస్తారు, అది మాత్రం న్యాయమైనదే, ఐటీ రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, బిల్లు జాగ్రత్తగా దాచుకోండి.