నక్షత్రం మసకబారిందని చెప్పేముందు నీ గది చూసుకో, కిట్టూ

ఒరేయ్ కిట్టూ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి టాబీ స్టార్ తీసుకున్నావంట, అదే ఉన్నట్టుండి వెలుగు తగ్గి మళ్లీ పెరిగే ఆ వింత నక్షత్రం, అక్కడ ఏలియన్లు ఏదో కట్టారని ఫ్రెండ్స్ అందరికీ చెప్తున్నావంట, టెలిస్కోప్ కూడా కొని హాస్టల్ డాబా మీద పెడతావంట. సంతోషంతో చాలాసేపు నిద్రపట్టలేదు, తర్వాత ఆ డాబాకి పిట్టగోడ లేదని గుర్తొచ్చి అసలే పట్టలేదు. నువ్వు ఆకాశం చూస్తే కాళ్ల కింద ఏముందో చూసుకోవు. కింద గ్రౌండ్‌లో పెట్టుకో, మిగతాదంతా దాని తర్వాతే.

డేటా డౌన్‌లోడ్ చేయడం, గ్రాఫ్ గీయడం నీకు నేను చెప్పక్కర్లేదు. కెప్లర్‌దీ, టెస్‌దీ డేటా ఫ్రీగానే ఉంది, అవి నాసా అంతరిక్ష టెలిస్కోపులే కదా. నా భయమల్లా గ్రాఫ్‌లో గుంట, అంటే వెలుగు తగ్గిన చోటు, కనపడగానే నువ్వు ఏం చేస్తావన్నదే.

ఒక సంగతి విను. 1962లో ఫ్రాన్స్‌లో ఓత్ ప్రొవాన్స్ అబ్జర్వేటరీ వాళ్లు ఒక మామూలు నక్షత్రం స్పెక్ట్రంలో, అంటే దాని వెలుగుని రంగులుగా విడదీసిన పట్టీలో, పొటాషియం గీతలు ఉన్నట్టుండి భగ్గున వెలిగాయని పేపర్ వేశారు. మళ్లీ చూస్తే లేవు. తర్వాత అలాంటివే ఇంకా కనపడ్డాయి, అన్నీ ఆ ఒక్క అబ్జర్వేటరీలోనే, వేరే ఎవరికీ దొరకలేదు. వాళ్లేం తెలివితక్కువవాళ్లు కాదురా, చేతిలో ఉన్న ఫోటో ప్లేటు మీద గీత స్పష్టంగా ఉంటే ఎవరైనా నమ్ముతారు. 1967లో కాలిఫోర్నియాలో వింగ్, పెయింబర్ట్, స్పిన్‌రాడ్ అని ముగ్గురు ఒక అగ్గిపుల్ల తీసి ఆ పట్టీని తీసే స్పెక్ట్రోగ్రాఫ్ దగ్గర గీసి చూశారు. అవే గీతలు! అగ్గిపుల్ల మందులో పొటాషియం ఉంటుంది కదా, అక్కడ ఎవరో సిగరెట్ వెలిగించుకుని ఉంటారన్నమాట. ఐదేళ్లు నక్షత్రంలో ఏం జరిగిందా అని బుర్ర బద్దలుకొట్టుకున్నారు, గదిలో ఏం జరిగిందో ఎవరూ అడగలేదు. ఈ కథ చెప్పి మీ మామయ్య చేత డాబా మీద సిగరెట్ మాన్పించాను, కింద ఇంకా కాలుస్తాడనుకో, అది వేరే గొడవ.

అందుకని గుంట కనపడితే ముందు పక్కనున్న నక్షత్రాలు చూడు. అన్నీ ఒకేసారి తగ్గితే తప్పు నక్షత్రానిది కాదు. టెస్‌లో ఒక్కో పిక్సెల్ 21 ఆర్క్‌సెకన్లు, ఆకాశంలో అది చాలా పెద్ద గడి, అందులో నీ నక్షత్రంతో పాటు పక్కింటివాళ్లు కూడా దూరిపోతారు. భూమి, చంద్రుడి వెలుతురు ఎప్పుడు పడిందో కూడా చూసుకో. ఈ నక్షత్రం వింతని బయటపెట్టిన బోయాజియన్ టీం కూడా అంతే చేసింది, 2011లో 15 శాతం, 2013లో 22 శాతం తగ్గిన గుంటలు చూసి ముందు పరికరాన్నే అనుమానించారు. గురుడంత గ్రహం అడ్డొచ్చినా అక్కడ ఒక్క శాతం కూడా తగ్గదు మరి. 2016లో షేఫర్ అనే ఖగోళ శాస్త్రవేత్త పాత హార్వర్డ్ ఫోటో ప్లేట్లు చూసి ఆ నక్షత్రం వందేళ్లుగా మసకబారుతోందన్నాడు, కాదు మధ్యలో టెలిస్కోపులు, ప్లేట్లు మారాయని ఇంకొకళ్లు. నువ్వు ఇద్దరి పేపర్లూ చదువు, నీకు నచ్చినవాళ్లది ఒక్కటే కాదు.

ఏలియన్ల గోల 2017లోనే చల్లారింది కదరా! ఆ ఏడాది గుంటలు పడ్డప్పుడు నీలం వెలుగు ఎక్కువ తగ్గింది, ఎరుపు తక్కువ తగ్గింది. గోడలాంటిదేదైనా అడ్డొస్తే అన్ని రంగులూ ఒకేలా ఆగాలి, సన్నటి దుమ్ము అయితేనే ఇలా అవుతుంది. ఆ దుమ్ము ఎక్కడినుంచి వచ్చిందన్నది మాత్రం ఇంకా తేలలేదు, నీకు పని అక్కడుంది. ఒక్క ఫిల్టర్‌తో సరిపెట్టకు, వేరే వేరే రంగుల్లో చూడు.

2020 ఫిబ్రవరిలో మన ఆర్ద్ర ఎంత మసకబారిందో గుర్తుందా, నువ్వు ఇంటర్ చదువుతున్నావు, పేలిపోతుందని టీవీలో చూసి ఏడుపుగొంతుతో ఫోన్ చేశావు. మామూలుగా 0.5 ఉండే మాగ్నిట్యూడ్ 1.6కి పడింది, ఈ అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. రోజూ రాత్రి రోహిణితో పోల్చి నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని, మీ మామయ్య టార్చ్ పట్టుకుని, దానికి ఎర్ర కాగితం చుట్టి. తీరా అది కక్కిన వాయువు చల్లబడి దుమ్మై దానికే అడ్డొచ్చిందని తేల్చారు. ఆ నోట్‌బుక్ నీకే ఇస్తాను, కానీ చిరగనివ్వకు.

టెలిస్కోప్ కొనేముందు ఇంకో మాట. నీ టాబీ స్టార్ ఉన్న హంస మండలం మనకి బాగా కనపడేది వానాకాలంలో, ఆ నక్షత్రం కంటికి ఆనని దాదాపు 12వ మాగ్నిట్యూడ్, పైగా హైదరాబాద్ లైట్లు. డబ్బులు దాచుకుని ఈ ఏడాది డేటాతోనే కానివ్వు. గ్రాఫ్ రాగానే ఇన్‌స్టాలో కాదు, ముందు నాకు పంపు. రాత్రుళ్లు ఆ బండి మీద తిరగడం తగ్గించు, మీ నాన్నకి ఫోన్ చెయ్యి, పాపం కోపంగా ఏం లేడు.

మీ అత్త