ఉద్దానంలో రోగి ఇంటికి వెళ్ళే సిస్టర్‌కు

చెల్లీ, క్రీస్తు ప్రభువు నామాన శుభాలు.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి వైపు ఊళ్ళలో రోగుల సందర్శన ఇక నీదేనని మదర్ రాశారు. నర్సింగ్ చదివినదానివి, బీపీ చూడటం నేను నేర్పక్కర్లేదు. ఒక్కటే చెబుతాను: కిడ్నీ రోగి ఇంటికి వెళ్ళాక ప్రార్థన కంటే ముందు వంటింట్లోకి తొంగిచూడు. మన సిస్టర్లలో కొందరికి ఈ మాట రుచించదు, పోనీ. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, మంచిదే. కానీ డయాలసిస్, అంటే యంత్రంతో రక్తం శుభ్రం చేయడం, వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. తక్కిన వారమంతా మనిషిని నిలబెట్టేదీ పడగొట్టేదీ ఆ పొయ్యే.

ముందు నీళ్ళు. నిన్న పోసిన మూత్రం కొలిచి, దానికి అర లీటరు కలిపితే ఈ రోజు తాగదగ్గది. డాక్టరు వేరే లెక్క చెబితే అదే ఖాయం. అంత కొలతా పొద్దున్నే ఒక సీసాలో పోయించు. టీ తాగితే అంత నీరు సీసాలోంచి తీసెయ్యాలి. మజ్జిగ, గంజి, చారు, ఐసుముక్క, అన్నీ లెక్కలోవే. రెండు డయాలసిస్‌ల మధ్య 50 కిలోల మనిషి రెండు కిలోలు దాటి పెరిగితే ఎక్కడో లెక్క తప్పింది. అప్పుడు దాహాన్ని తిట్టకు, ఉప్పు వెతుకు. ఎండుచేప, ఆవకాయ తిన్నవాడు నీళ్ళెలా ఆపుకుంటాడు? ఉప్పు రోజుకు మొత్తం ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు. సోడియం తక్కువని అమ్మే ప్యాకెట్ ఉప్పు కనిపిస్తే తీయించెయ్. అందులో కలిపేది పొటాషియమే.

పొటాషియం దగ్గరే ఉద్దానంలో చిక్కంతా. పెరట్లో కొబ్బరి, పనస, రెండింట్లోనూ అది ఎక్కువే. "ఏటి సిస్టరమ్మా, బొండం నీళ్ళు చలవే కదా" అంటారు. వద్దని చెప్పి ఊరుకోకు, ఎందుకో చెప్పు: మూత్రంలో పోవాల్సిన పొటాషియం ఒంట్లో నిలిచిపోతే గుండె ఆగిపోవచ్చు. నీకు బొండం కొట్టిస్తే తాగు, రోగి కళ్ళెదుట మాత్రం వద్దు. కూరగాయలు చెక్కు తీసి, సన్నగా తరిగి, గోరువెచ్చటి నీళ్ళు ఎక్కువగా పోసి రెండు గంటలు నానబెట్టించు. ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళూ వంచేయాలి. చాలామంది ఇక్కడే చెడగొడతారు, ఉడికిన నీళ్ళను చారులో కలిపేస్తారు. కాళ్ళు హఠాత్తుగా పట్టు తప్పినా, గుండె లయ తప్పినా తర్వాతి డయాలసిస్ దాకా ఆగకుండా ఆసుపత్రికి బయలుదేరదీయి.

ఫిస్టులా, అంటే డయాలసిస్ సూది గుచ్చడానికి ఆపరేషన్‌తో ధమనిని సిరకు కలిపిన చోటు, ఉన్న చేతికి బీపీ పట్టీ, సూది, బరువు, బిగుతు గాజులు ఏవీ తగలకూడదు. పొద్దునా సాయంత్రం దానిమీద వేళ్ళు ఆనిస్తే జుమ్మని అదరాలి. అదురు ఆగితే ఆ రోజే సెంటర్‌కు వెళ్ళాలి. రక్తం చిమ్మితే శుభ్రమైన గుడ్డతో సరిగ్గా ఆ చోటే వేలితో నొక్కి, చెయ్యి పైకెత్తి 108కి ఫోన్ చెయ్యమను.

మందుల సంచీ మంచం మీద గుమ్మరించి చూడు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ ఒళ్ళునొప్పులకని తప్పక దొరుకుతాయి. అవి మిగిలిన కాస్త కిడ్నీనీ తినేస్తాయి. నాటు మందుల పొడి దొరికినా డాక్టరుకు చూపించాల్సిందే.

దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఆశీర్వదించిన అప్పం, తీసుకెళ్ళే రోజు దారిలో ఎక్కడా ఆగకు. అది తీసుకునే ముందు గంట ఉపవాసం ఉండాలన్న నియమం రోగికీ, చూసుకునేవాళ్ళకీ లేదు. మింగలేకపోతే చిన్న తునక చెంచాడు నీళ్ళతో ఇయ్యి, ఆ చెంచా కూడా సీసా లెక్కలోదే. రోగికి పవిత్ర తైలం పూసే అభ్యంగనానికి ఫాదర్‌ను పిలవడానికి ఊపిరి ఆడని వేళ దాకా ఆగకు. రోగి తెలివిలో ఉండగానే పిలువు, జబ్బు ముదిరితే మళ్ళీ ఇవ్వవచ్చు. హిందువుల ఇళ్ళలో వాళ్ళు అడిగితేనే ప్రార్థన.

ఆ ఇంట్లో మిగతావాళ్ళను వదిలిపెట్టకు. ఉద్దానంలో ఇంతమందికి వచ్చే ఈ కిడ్నీ జబ్బుకు అసలు కారణమేదో పరిశోధకులు ఇంకా తేల్చలేదు, కాబట్టి నీళ్ళనో మందులనో నువ్వు తీర్పు చెప్పొద్దు. ఒళ్ళు వాయలేదు, బీపీ లేదు అని పొలానికి పోయేవాళ్ళకూ ఇక్కడ కిడ్నీ సగం పోయి ఉండొచ్చు. భార్యకూ, అన్నదమ్ములకూ, ఎదిగిన పిల్లలకూ రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించి, తేదీతో సహా నీ పుస్తకంలో రాసిపెట్టుకో. తర్వాతి పరీక్షలో అంకె పెరిగిందో లేదో ఆ పుస్తకం చూసే చెప్పాలి.

ప్రభువునందు,
మీ అక్క