పసుపు జెర్సీ తొడుక్కునే ముందు

రాజమహేంద్రవరం

చిరంజీవి అమ్ములూ,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు మెక్సికోలోని గ్వాదలహారాలో ఉద్యోగంలో కుదురుకున్నావనీ, ఆఫీసు వాళ్లతో కలిసి చివాస్, క్లబ్ అమెరికా అనే రెండు ఫుట్‌బాల్ జట్ల మధ్య జరిగే క్లాసికో, అంటే పాత ప్రత్యర్థుల పోరు, చూడటానికి టికెట్టు కొన్నావనీ, ఆ రోజుకని ఒక పసుపు జెర్సీ కొని, అది తొడుక్కుని ఫొటో కూడా పంపావనీ చెప్పింది. ఆ ఫొటో నాకూ పంపించింది. పసుపు నీకు చక్కగా నప్పింది, తల్లీ. కానీ దాన్ని చూశాక నాకు రాత్రి రెండు గంటల దాకా నిద్ర పట్టలేదు. మీ అత్తయ్య, పొద్దున్న ఫోన్ చేసి చెబితే సరిపోదా అంది. ఫోనులో అయితే నువ్వు "సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు మనసులో మాట చెబుతాను. నేను ముప్పై ఎనిమిదో ఏట, పక్కన మీ అత్తయ్య ఉన్నా భయపడుతూ అడుగుపెట్టిన దేశంలో, నువ్వు ఇరవై నాలుగేళ్లకే ఒంటరిగా ఇల్లు వెతుక్కుని, భాష నేర్చుకుంటూ, నెల తిరగకుండానే ఆ దేశపు అతి పెద్ద ఆటకు బయలుదేరుతున్నావంటే నాకు ఎంతో గర్వంగా ఉంది. వెళ్లవద్దని అనను. ఆరేళ్లు అక్కడ ఉన్నవాడిగా, వెళ్లే పద్ధతి మాత్రం చెబుతాను.

తేలిక సంగతులు నీకు తెలిసినవే: టికెట్టు క్లబ్బు దగ్గరే కొనాలి, ఫ్యాన్ ఐడీ అడిగితే ముందే నమోదు చేసుకోవాలి, చిన్న సంచీతో వెళ్లాలి, తిరుగు ప్రయాణానికి బండి ముందే మాట్లాడుకోవాలి. ఆక్రోన్ స్టేడియం ఊరి చివర, సపోపాన్‌లో, పెరిఫెరికో రహదారి వైపు ఉంది. రాత్రి ఆట ముగిసి వేలమంది ఒక్కసారిగా బయటికి వచ్చాక అక్కడ నిలబడి బండి వెతుక్కోవడం నీకు వద్దు.

ఇక జెర్సీ సంగతి. నువ్వు రంగు బాగుందని కొన్నావని నాకు తెలుసు. అక్కడ ఆ రంగుకు అర్థం వేరు, అది క్లబ్ అమెరికా రంగు. క్లబ్ అమెరికా 1916లో మెక్సికో నగరంలో పుట్టింది. 1959లో టెలివిజన్ అధిపతి ఎమిలియో అస్కార్రాగా దాన్ని కొన్న తరువాత అది డబ్బున్న జట్టుగా, రాజధాని జట్టుగా, విదేశాల నుంచి ఆటగాళ్లను తెచ్చుకునే జట్టుగా పేరు పడింది. నువ్వున్న ఊరి జట్టు చివాస్ అందుకు పూర్తిగా ఎదురు. బెల్జియం నుంచి వచ్చిన ఎడ్గార్ ఎవరార్ట్ అనే ఆయన 1906లో స్థాపించిన ఆ క్లబ్బు, దశాబ్దాలుగా మెక్సికన్ ఆటగాళ్లను మాత్రమే ఆడిస్తుంది. చివాస్ అంటే మేకలు. 1948లో ఒక పత్రిక వాళ్ల ఆటను వెక్కిరిస్తూ మేకల్లా గెంతుతున్నారని రాస్తే, ఆ తిట్టునే వాళ్లు పేరుగా పెట్టుకున్నారు. 1957 నుంచి 1965 దాకా ఏడు లీగ్ టైటిళ్లు గెలిచిన ఆ జట్టును 'కాంపియోనీసిమో' అని ఇప్పటికీ పెద్దవాళ్లు కళ్లు మెరుస్తుండగా తలుచుకుంటారు. అంటే ఆ రోజు మైదానంలో దిగేవి రెండు జట్లే అయినా, చూసేవాళ్ల మనసులో రాజధాని మీద తక్కిన దేశానికున్న కోపమూ, డబ్బు మీద సొంత మట్టికున్న పట్టుదలా కూడా దిగుతాయి. అమెరికా వాళ్లు దీనికి నొచ్చుకోరు. "నన్ను ఇంకా ద్వేషించు" అనే అర్థం వచ్చే 'ఓడియామె మాస్' అన్న మాటను తమ నినాదంగా మార్చుకున్నారు.

ఈ పగకు తారీఖులున్నాయి, అవి తెలుసుకుని వెళ్లు. 1983 సెమీఫైనల్లో చివాస్, మెక్సికో నగరంలో అమెరికా సొంత మైదానమైన అజ్టెకాకు వెళ్లి 3–0తో గెలిచింది, ఆట కొట్లాటతో ముగిసింది. మరుసటి ఏడాది ఆ రెండు జట్లూ రెండు ఆటల ఫైనల్లో తలపడ్డాయి. మొదటి ఆట గ్వాదలహారాలో 2–2తో సమానమైన తరువాత, 1984 జూన్ 10న అజ్టెకాలో అమెరికా ఆటగాడొకడు రెడ్ కార్డుతో బయటికి వెళ్లినా, గోల్‌కీపర్ సెలాదా పెనాల్టీని ఆపి జట్టును నిలబెట్టాడు. అమెరికా 3–1తో గెలిచింది. నీ ఆఫీసులో యాభై ఐదు దాటిన చివాస్ అభిమాని ఉంటే ఆ పెనాల్టీ మాట ఎత్తకు. 1986లో మరో క్లాసికోలో అందరూ కలబడితే రెండు జట్లకూ మూకుమ్మడిగా రెడ్ కార్డులు పడ్డాయి. ఆ తరువాత 1990ల చివర్లో, చివాస్ ముద్దుబిడ్డ అనుకున్న రామోన్ రామీరెస్ అమెరికాకు మారినప్పుడు, ఆ ఊరు తమ ఇంటి మనిషి పగవాడి గడప తొక్కినట్టే బాధపడింది.

మన దగ్గర హీరోల అభిమానుల గొడవలు చూసి పెరిగావు కనుక ఇదీ అలాంటిదేనని నీకు అనిపించవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. అభిమాన హీరోను మనం పన్నెండో పదమూడో ఏట మన ఇష్టంతో ఎంచుకుంటాం. అక్కడ చాలా ఇళ్లలో జట్టు ఇంటిపేరు లాగా వస్తుంది, పుట్టిన బిడ్డకు ఉయ్యాల కంటే ముందే జెర్సీ సిద్ధంగా ఉంటుంది. ఆ తేడా తెలియక నేను చేసిన తప్పు చెబుతాను. ఇది మీ అమ్మకు కూడా ఇప్పటిదాకా చెప్పలేదు.

మెక్సికో నగరంలో మేము అద్దెకున్న ఇల్లు నాపోలెస్ పేటలో, అప్పట్లో క్రూస్ అసుల్ అనే మరో జట్టు ఆడే స్టేడియానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది. ఎద్దుల పోట్ల రంగస్థలం పక్కనే ఉన్న ఆ స్టేడియంలో మైదానం వీధి మట్టానికి దిగువన ఉంటుంది కాబట్టి, బయటి నుంచి చూస్తే చిన్నదిగా కనిపిస్తుంది, లోపలికి వెళితే లోతుగా బావిలోకి చూసినట్టుంటుంది. మా ఇంటి యజమాని కింది వాటాలో ఉండేవారు. వీధిలో అందరూ ఆయన పేరుకు ముందు 'డోన్' చేర్చి గౌరవంగా పిలిచేవారు. ఆయన తండ్రి హిదాల్గో రాష్ట్రంలోని హాస్సో సిమెంటు ఫ్యాక్టరీలో కార్మికుడు. క్రూస్ అసుల్ జట్టు 1927లో అక్కడే పుట్టింది. 1930ల తొలినాళ్లలో ఫ్యాక్టరీ చేయిదాటిపోయే పరిస్థితి వస్తే, కార్మికులే సహకార సంఘంగా ఏర్పడి దాన్ని నిలబెట్టుకున్నారు. అంటే ఆయనకు ఆ నీలం జెర్సీ అంటే తండ్రి చేతులకంటిన సిమెంటు. ఇది నాకు తరువాత తెలిసింది.

2013 మే 26, ఆదివారం. ఫైనల్ రెండో ఆట అజ్టెకాలో, ప్రత్యర్థి అమెరికా. క్రూస్ అసుల్ మొదటి ఆట 1–0తో గెలిచింది. 1997 తరువాత టైటిల్ లేదు, మధ్యలో నాలుగు ఫైనళ్లు ఓడిపోయింది. ఆయన నన్ను కింద వాటాకు పిలిచి తన కుర్చీ పక్కన కూర్చోబెట్టుకున్నారు. బయట వాన. అమెరికా ఆటగాడు మొదట్లోనే రెడ్ కార్డుతో వెళ్లిపోయాడు, క్రూస్ అసుల్ ఇంకో గోల్ చేసింది. మొత్తం 2–0. ఎనభై నిమిషాలు దాటాక ఆయన భార్య వంటింట్లో గ్లాసులు తుడిచి వరసగా పెట్టడం మొదలుపెట్టింది. 88వ నిమిషం తరువాత అమెరికా ఒక గోల్ చేసింది. తొంభై నిమిషాలు అయ్యాక కలిపిన ఆఖరి నిమిషాల్లో, చివరి కార్నర్‌కు, వాళ్ల గోల్‌కీపర్ మొయిసెస్ మున్యోస్ తన గోల్ వదిలి మైదానం ఈ చివరకు పరుగెత్తుకొచ్చి తలతో కొట్టాడు. బంతి ఒక క్రూస్ అసుల్ ఆటగాడికి తగిలి లోపలికి వెళ్లింది.

నేను లేచి నిలబడి కేక వేశాను, అమ్ములూ. అమెరికా మీద ప్రేమతో కాదు. గోల్‌కీపర్ గోల్ చేయడం జీవితంలో మొదటిసారి చూశానన్న ఆశ్చర్యంతో. ఆ గదిలో నా గొంతు ఒక్కటే వినిపించింది. పెనాల్టీల్లో అమెరికా గెలిచింది. ఆయన టీవీ ఆపి, "గుడ్ నైట్ ఇంజినీర్" అని నెమ్మదిగా చెప్పి లోపలికి వెళ్లారు. గ్లాసులు బల్ల మీద అలాగే ఉన్నాయి.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మర్నాడు ఆఫీసులో 'క్రూసాసులేయర్' అనే మాట విన్నాను. చేతికొచ్చిన గెలుపును ఆఖరి క్షణంలో జారవిడుచుకోవడం అని దాని అర్థం. జట్టు పేరే క్రియాపదమై భాషలో కలిసిపోయిందని నాకు తెగ ముచ్చట వేసింది. ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆయన కూరగాయల సంచీతో మెట్లెక్కుతూ, చివరి మెట్టు దగ్గర సంచీ జారి టమాటాలు దొర్లిపోతే, నేను ఏరి ఇస్తూ, నాకు స్పానిష్ వచ్చిందని చూపించుకోవాలన్న సరదాలో ఆ మాట అన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. నా చేతిలోని టమాటాలు తీసుకుని, కృతజ్ఞతలు చెప్పి వెళ్లిపోయారు. ఆ తరువాత రెండు నెలలు అద్దె రసీదు తలుపు కిందనుంచి వచ్చింది. అంతకు ముందు ప్రతి నెలా ఆయనే పైకి వచ్చి ఇచ్చి, ఒక కాఫీ తాగి వెళ్లేవారు.

మీ అత్తయ్య గుచ్చి గుచ్చి అడిగితే, చివరకు ఆయన భార్య చెప్పింది. 1972 ఫైనల్లో ఇదే అమెరికాను క్రూస్ అసుల్ 4–1తో ఓడించినప్పుడు, ఆయన ఆ ఆటను తండ్రితో కలిసి చూశారట. మే 26 రాత్రి గెలిస్తే తెరవాలని తండ్రి ఫొటో ముందు ఒక సీసా పెట్టుకున్నారట. నేను ఆయన కుర్చీ పక్కన కూర్చుని ఆ ఫొటో వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మర్నాడు కిందికి వెళ్లి, నాకు వచ్చిన కొద్దిపాటి స్పానిష్‌లో క్షమించమని అడిగాను. ఆయన చాలాసేపు ఏమీ అనకుండా ఉండి, వచ్చే ఆదివారం నాకు తోడు వస్తావా అని అడిగారు. ఆ బావిలాంటి స్టేడియంలో ఆయన పక్కన రెండేళ్ల పాటు కూర్చున్నాను. 2021 మే 30న క్రూస్ అసుల్ సాంతోస్‌ను ఓడించి ఇరవై మూడేళ్ల తరువాత టైటిల్ గెలిచినప్పుడు, ఇక్కడ మనకు సోమవారం ఉదయం, ఆయనకు ఫోన్ చేశాను. ఆయన మాట్లాడలేకపోయారు. సీసా మూత తీసిన చప్పుడు మాత్రం వినిపించింది.

అందుకని, తల్లీ, ఎవరైనా తమ జట్టు పేరు చెప్పినప్పుడు వెంటనే గెలుపోటముల మాట ఎత్తకు. నిన్ను మొదటిసారి స్టేడియానికి ఎవరు తీసుకెళ్లారని అడుగు. నీ ఊళ్లో ఎరుపు నలుపు జెర్సీల వాళ్లు కూడా కనిపిస్తారు, వాళ్లు ఆట్లాస్ మనుషులు. 1951లో గెలిచాక మళ్లీ 2021 దాకా, అంటే డెబ్బై ఏళ్లు, టైటిల్ లేకుండా ఆ జట్టును వదలని కుటుంబాలు అవి. చివాస్ పక్కింటి పగ వాళ్లది. చివాస్ గెలిచిన మర్నాడు వాళ్ల దగ్గర నీ సంతోషం కొంచెం దాచుకో. మోంతెర్రేయ్ నుంచి వచ్చిన వాళ్లు ఉంటే, 2017 ఫైనల్లో ఆ ఊరి రెండు జట్లలో తిగ్రెస్, రయాదోస్‌ను ఆ రయాదోస్ కొత్త స్టేడియంలోనే ఓడించిన సంగతి ఏ వైపు మనిషో తెలిసేదాకా మాట్లాడకు.

నా భయం ఇంకొకటి ఉంది, అది చెప్పకపోతే ఈ ఉత్తరం రాసి ప్రయోజనం లేదు. 2022 మార్చి 5న కెరెతారో స్టేడియంలో కెరెతారో, ఆట్లాస్ ఆట మధ్యలో స్టాండ్లలో కొట్లాట మొదలై మైదానంలోకి పాకింది. పిల్లల్ని ఎత్తుకుని తల్లిదండ్రులు గడ్డి మీదికి పరుగెత్తడం నేను ఇక్కడ టీవీలో చూశాను. 26 మంది గాయపడ్డారని అధికారులు చెప్పారు. ఆ తరువాత బయటి జట్ల బార్రాలను, అంటే గుంపులుగా వచ్చే వీరాభిమానులను, స్టేడియాల్లోకి రానివ్వడం ఆపారు. లక్షలమంది ఇంటిల్లిపాదీ నవ్వుతూ వెళ్లి నవ్వుతూ వచ్చే ఆట అదే. నేను చూసిన వందలాది ఆదివారాల్లో నాకు ఎవరూ కీడు చేయలేదు. అయినా ఆ ఒక్క సాయంత్రం నా కళ్ల ముందు నుంచి పోదు. అందుకని బార్రాలు నిలబడి పాడే గోల్ వెనక స్టాండుకు వద్దు, పక్క స్టాండులో కుటుంబాల మధ్య కూర్చో. ఎదుటి జట్టు గోల్‌కీపర్ బంతి తన్నేటప్పుడు జనమంతా ఒక్క గొంతుతో ఒక మాట అరుస్తారు. అది మనుషుల్ని కించపరిచే మాట, దాని కోసం ఫిఫా మెక్సికోకు పలుమార్లు జరిమానా వేసింది. చుట్టూ ఎంతమంది అరిచినా నువ్వు గొంతు కలపకు.

పసుపు జెర్సీని పారేయవద్దు, కోపంతో చెప్పడం లేదు. ఎప్పుడైనా మెక్సికో నగరానికి, అజ్టెకాకు వెళ్లినప్పుడు తొడుక్కో. ఈసారికి తెల్ల చొక్కా వేసుకో, అమ్మ పంపిన చున్నీ మెడకు చుట్టుకో, రాత్రి చలిగా ఉండవచ్చు. అక్కడ రాత్రి తొమ్మిదికి ఆట అంటే మాకు మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర. మీ అమ్మా నేనూ టీవీ ముందు ఉంటాం. స్కోరు మాకు కనిపిస్తుంది కనుక అది చెప్పనవసరం లేదు. ఇల్లు చేరి తలుపు గడియ వేసుకోగానే ఫోన్ చేసి, నీ పక్క సీట్లో ఎవరు కూర్చున్నారో, వాళ్లను మొదటిసారి ఎవరు తీసుకొచ్చారో చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య