ట్రైలర్‌లో హీటర్ మొరాయిస్తే: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

అమెరికాలో ఉంటున్న పిల్లల దగ్గరకు వెళ్లి, కారు వెనక తగిలించుకునే ట్రావెల్ ట్రైలర్‌లో జాతీయ పార్కులు చూసి వచ్చిన గోదావరి జిల్లాల పాఠకులు కొందరు ఈ నెల ఉత్తరాలు రాశారు. అన్నిటిలోనూ ఫిర్యాదు ఒకటే: రాత్రిపూట హీటర్ పనిచేయలేదు. భోగి తెల్లవారుజామున కూడా ఒక దుప్పటితో సరిపెట్టుకునే కోనసీమ వారికి, బయట నీళ్లు గడ్డకట్టే చోట హీటర్ ఆగిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుకే ఈసారి శీర్షికంతా ట్రైలర్ ఫర్నేస్‌కూ (గ్యాస్ మండించి గదిని వెచ్చబరిచే హీటర్), దాన్ని గది వేడిని బట్టి వేసి ఆపే థర్మోస్టాట్‌కూ కేటాయిస్తున్నాము.

*ప్రశ్న: గత అక్టోబరులో మా అబ్బాయి ట్రైలర్‌లో కొలరాడోలోని రాకీ మౌంటెన్ జాతీయ పార్కుకు వెళ్లాము. రాత్రి థర్మోస్టాట్ పెంచగానే ఫ్యాను తిరిగింది కాని చల్లగాలే వచ్చింది. కాసేపటికి ఫ్యాను కూడా ఆగిపోయింది. తిరిగి వచ్చాక సర్వీసు సెంటరు వారు సర్క్యూట్ బోర్డు పోయిందని చెప్పి మార్చారు. ఆ తర్వాత వెళ్లిన మొదటి రాత్రే మళ్లీ అదే తంతు. అసలు లోపం ఎక్కడ ఉన్నట్టు?*
– విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం

సమాధానం: బోర్డు మార్చక ముందు, మార్చిన తర్వాత లోపం ఒకే తీరుగా ఉన్నదంటే లోపం బోర్డులో లేదనే అనుకోవాలి. ఈ ఫర్నేస్‌ల విషయంలో ముందుగా బోర్డునే అనుమానించడం చాలామందికి అలవాటు. నిజానికి గాలి, కరెంటు, గ్యాస్ ఈ మూడింటిలో ఏదో ఒకటి సరిగా అందకపోవడం వల్లనే ఎక్కువసార్లు మంట వెలగదు. ఏది అందలేదో తెలుసుకోవడానికి పనిముట్ల కంటే ముందు చెవులు కావాలి.

ఫర్నేస్ పనిచేసే వరుస ఇది. గది చల్లబడగానే థర్మోస్టాట్ తన రెండు తీగలను కలుపుతుంది. పన్నెండు వోల్టుల కరెంటు అంది బ్లోయర్ (గాలి తోసే ఫ్యాను) తిరగడం మొదలవుతుంది. బ్లోయర్ తగినంత వేగం అందుకున్నాక ఆ గాలి తోపుకు సెయిల్ స్విచ్ అనే చిన్న రేకు పక్కకు జరిగి కాంటాక్టును మూస్తుంది. అదే దారిలో లిమిట్ స్విచ్ కూడా ఉంటుంది. అది మామూలుగా మూసే ఉండి, ఫర్నేస్ అతిగా వేడెక్కినప్పుడు మాత్రమే తెరుచుకుంటుంది. రెండూ మూసి ఉన్నాయని నిర్ధారించుకున్నాక బోర్డు పదిహేను సెకన్ల పాటు ఆగి, లోపల మిగిలిన గ్యాస్ ఏదైనా ఉంటే బయటకు పోనిచ్చి, అప్పుడు గ్యాస్ వాల్వును తెరుస్తూ ఎలక్ట్రోడ్ దగ్గర నిప్పురవ్వలు పుట్టిస్తుంది. మంట అంటుకున్నట్టు కొన్ని సెకన్లలో తెలియకపోతే వాల్వును మూసేస్తుంది. ఇప్పటి బోర్డులు చాలావరకు ఇలా మూడుసార్లు ప్రయత్నించి, ఆ తర్వాత లాకవుట్‌లోకి, అంటే ఆఫ్ చేసి మళ్లీ వేసేదాకా ప్రయత్నం మానేసే స్థితిలోకి, వెళతాయి. మన డెల్టా కాలువల మీది లాకులను చూసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు: ఒక గేటు పని పూర్తయితే తప్ప రెండో గేటు తెరవరు. ఫర్నేస్‌లో కూడా వెనకటి మెట్టు పూర్తికాకుండా ముందుమెట్టుకు దారి ఉండదు, కాబట్టి వరుస ఎక్కడ ఆగిందో వింటే లోపం ఎక్కడుందో సగం తెలిసినట్టే.

మీరు రాసిన దాంట్లో ఒక్క వివరం లేదు. ఫ్యాను తిరుగుతుండగా టిక్ టిక్ మని నిప్పురవ్వల చప్పుడు వినిపించిందా? వినిపించలేదంటే వరుస సెయిల్ స్విచ్ దగ్గరే ఆగింది. బ్లోయర్ తిరుగుతున్నది కదా, కరెంటు బాగానే ఉందని అనుకోవడం ఇక్కడ పెద్ద పొరపాటు. బ్యాటరీ బలహీనపడితే బ్లోయర్ తిరుగుతూనే ఉంటుంది కాని సెయిల్ స్విచ్‌ను కదిలించేంత గాలి తోయలేదు. కరెంటు కనెక్షన్ లేని కొండ మీది క్యాంపు స్థలంలో, రాత్రంతా దీపాలు వాడిన తర్వాత ఇదే మొదటి అనుమానం కావాలి. బ్లోయర్ తిరుగుతుండగా ఫర్నేస్ దగ్గరి తీగల మీద మల్టీమీటర్ పెట్టి చూడమనండి. 10.5 వోల్టుల కంటే తక్కువ చూపితే బోర్డు నిర్దోషి. వోల్టేజి బాగుండి కూడా టిక్ మనకపోతే సెయిల్ స్విచ్ రేకుకు దుమ్ము, పెంపుడు కుక్క వెంట్రుకలు చుట్టుకున్నాయేమో విప్పి చూడాలి. ఇంట్లో కుక్క ఉన్నవారి ట్రైలర్‌లలో ఇది తరచుగా కనిపించే విషయమే.

టిక్ టిక్ మని వినిపించి కూడా మంట రాలేదంటే గ్యాస్ వైపు చూడాలి. ముందుగా లోపలి వంటపొయ్యి వెలిగించమనండి. పొయ్యి నీలిమంటతో నిలకడగా వెలిగితే సిలిండరు, రెగ్యులేటరు చాలావరకు బాగున్నట్టే. పొయ్యి మంట బలహీనంగా ఉండి, ఫర్నేస్ కూడా వెలిగించినప్పుడు ఇంకా కుంగిపోతే రెగ్యులేటర్ ఒత్తిడి చూడాల్సిందే. ట్రైలర్‌లోని ప్రొపేన్ ఉపకరణాలకు 11 అంగుళాల నీటిమట్టానికి సమానమైన ఒత్తిడి ఉండాలి. దీన్ని మానోమీటర్‌తో కొలవడం తెలిసినవారి పని. కొత్త సిలిండరు తగిలించిన వెంటనే హీటర్ వేసి ఉంటే పైపులో గాలి ఉండి మొదటి రెండు ప్రయత్నాలు వృథా అవుతాయి. అక్కడి సిలిండర్ల కనెక్టరులో ఒక రక్షణ ఏర్పాటు కూడా ఉంది. సిలిండరు వాల్వును ఒక్కసారిగా తిప్పితే, పైపు తెగిపోయిందనుకుని అది గ్యాస్ ప్రవాహాన్ని సన్నని ధారకు తగ్గించేస్తుంది. అప్పుడు పొయ్యి వెలుగుతుంది కాని ఫర్నేస్‌కు కావలసినంత గ్యాస్ అందదు. లోపలి పొయ్యిలన్నీ కట్టేసి, సిలిండరు వాల్వు మూసి, కొంతసేపు ఆగి, చాలా నెమ్మదిగా తెరిస్తే సరిపోతుంది. చీకట్లో, చలిలో, తొందరలో వాల్వు తిప్పిన రాత్రులను ఒకసారి గుర్తు చేసుకోమనండి.

మూడో సందర్భం కూడా ఉంది. మంట అంటుకుని, నాలుగైదు సెకన్లకే ఆరిపోతుంది. అంటే గ్యాస్, రవ్వ రెండూ ఉన్నాయి, మంట ఉన్నదన్న కబురు మాత్రం బోర్డుకు చేరడం లేదు. ఎలక్ట్రోడ్ మసిబారడం, దాని కొనకూ ఎర్త్ కొనకూ మధ్య ఎడం (సుమారు 3 మిల్లీమీటర్లు ఉండాలి) మారిపోవడం, ఎర్త్ తీగ స్క్రూ వదులవడం ఇందుకు కారణాలు. ఎడం సరిచేసి, స్క్రూ బిగించడం అరగంట పని.

ఇవేవీ కాకపోతేనే బోర్డు. లాకవుట్ నుంచి బయటకు రావడానికి థర్మోస్టాట్‌ను పూర్తిగా ఆఫ్ చేసి, ఒక నిమిషం ఆగి మళ్లీ వేస్తే చాలు. కాని రాత్రంతా ఇలా వేస్తూ తీస్తూ కూర్చోవడం మాత్రం వద్దు. వెలగని ప్రతి ప్రయత్నానికీ కొంత గ్యాస్ లోపలికి వెళుతూనే ఉంటుంది.

*ప్రశ్న: మా అమ్మాయి వాళ్ల ట్రైలర్‌లో హీటర్ రాత్రి పది గంటలకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, తెల్లవారుజామున మూడు గంటలకు ఆగిపోతుంది. సిలిండరులో గ్యాస్ ఉంటుంది. గ్యాస్ హీటర్‌కు బ్యాటరీతో పనేమిటి?*
– గృహిణి, భీమవరం

సమాధానం: వేడి గ్యాస్‌ది, గాలి బ్యాటరీది. గంటకు ముప్పై వేల బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) ఫర్నేస్ బ్లోయర్ తిరిగేటప్పుడు సుమారుగా 7, 8 ఆంపియర్లు తీసుకుంటుంది. చలి రాత్రిలో పది గంటల పాటు సగం సమయం తిరిగిందనుకుంటే 35 నుంచి 40 ఆంపియర్ అవర్ల (ఆంపియర్లను గంటలతో హెచ్చవేసిన లెక్క) దాకా ఖర్చవుతుంది. ట్రైలర్‌లతో వచ్చే సాధారణ లెడ్ యాసిడ్ బ్యాటరీ 80 ఆంపియర్ అవర్లది అనుకున్నా, దాని ఆరోగ్యం చెడకుండా వాడుకోగలిగేది అందులో సగమే. దీపాలు, నీళ్ల పంపు, ఫ్రిజ్ తాలూకు కంట్రోలు కూడా అందులోంచే తింటాయి. లెక్క మూడు గంటలకే తేలిపోవడంలో వింత లేదు.

సాయంత్రం హీటర్ వేయకముందు బ్యాటరీ మీద మీటరు పెడితే 12.6 వోల్టులు ఉండాలి. 12.1 దగ్గర ఉంటే అప్పటికే సగం ఖర్చయినట్టు. పగలంతా కారు వెనక లాగుతూ వచ్చాము కదా, చార్జయి ఉంటుందన్న ధీమా వద్దు. కారు నుంచి ట్రైలర్‌కు వచ్చే తీగల ద్వారా అందే చార్జింగు తరచుగా చాలా తక్కువే. బ్యాటరీ పాతదైతే కొత్తది, వీలైతే రెండోది జతచేయడం అసలు పరిష్కారం. ఈలోగా పడుకునేటప్పుడు థర్మోస్టాట్‌ను నాలుగైదు డిగ్రీలు తగ్గించుకుని రగ్గు ఒకటి ఎక్కువ కప్పుకుంటే తెల్లవారేదాకా గడుస్తుంది. గ్యాస్ సంగతి కూడా చెప్పుకోవాలి. 20 పౌండ్ల సిలిండరులో సుమారు 4,30,000 బీటీయూల వేడి ఉంటుంది. ఆపకుండా మండితే అది పద్నాలుగు గంటలకు అయిపోతుంది.

*ప్రశ్న: థర్మోస్టాట్ 70 మీద పెడితే ఒకసారి ఉక్కపోస్తుంది, ఒకసారి వణుకు పుడుతుంది. థర్మోస్టాట్ పాడైనట్టేనా?*
– వ్యాపారి, రావులపాలెం

సమాధానం: 70 ఫారెన్‌హీట్ అంటే మన 21 డిగ్రీలు. థర్మోస్టాట్ కొలిచేది తన చుట్టూ ఉన్న గాలిని మాత్రమే, మీరు పడుకున్న చోటి గాలిని కాదు. వేడిగాలి వచ్చే జాలీకి ఎదురుగా ఉంటే అది తొందరపడి ఆపేస్తుంది. తలుపు పక్కన ఉంటే, లేదా దాని వెనక తీగ వచ్చే రంధ్రంలోంచి గోడ మధ్య చల్లగాలి తగులుతుంటే, గది వేడెక్కినా ఆపదు. థర్మోస్టాట్ మూత తీసి, ఆ రంధ్రాన్ని కాస్త దూదితోనో పుట్టీతోనో మూసి చూడండి. ఇంత చిన్న పనికి ఇంత ఫలితమా అని ఆశ్చర్యపోయేవారు ఎక్కువ.

అది పాత లీవరు రకం అయితే లోపల యాంటిసిపేటర్ అనే చిన్న సర్దుబాటు ముల్లు ఉంటుంది. గది కోరిన వేడికి చేరకముందే మంటను ఆపి, బ్లోయర్ తోసే మిగతా వేడితో లెక్క సరిపెట్టడం దాని పని. ఆ ముల్లు తప్పుచోట ఉంటే మీరు చెప్పినట్టే ఉక్క, వణుకు వంతులవారీగా వస్తాయి. సర్దుబాటుతో కుస్తీ పట్టడం కంటే పన్నెండు వోల్టులకు పనికివచ్చే మామూలు డిజిటల్ థర్మోస్టాట్ పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

అసలు వేయగానే ఏ చప్పుడూ లేకపోతే, ముందు ఫ్యూజు చూసి, తర్వాత థర్మోస్టాట్ విప్పి దాని రెండు తీగలను కలపండి. బ్లోయర్ తిరిగితే థర్మోస్టాటే దోషి. ఏసీతో కలిపి ఒకే తెరమీద నడిచే కొత్త రకం వాటికి ఈ పరీక్ష పనికిరాదు, తీగలు కలపవద్దు.

హీటర్ వేడిగాలి ఇస్తూ ఇస్తూ మధ్యలో చల్లబడి, మళ్లీ వేడెక్కుతుంటే అది థర్మోస్టాట్ తప్పు కాదు. ఫర్నేస్ లోపలికి గాలి పీల్చుకునే జాలీకి అడ్డంగా సూట్‌కేసులు పెట్టారేమో చూడండి. లోపల వేడి పెరిగి లిమిట్ స్విచ్ మంటను ఆపుతుంది. ఊరగాయల పెట్టెలకు అంతకంటే మంచి చోటు దొరకదని అక్కడే పెట్టేవారున్నారు.

*ప్రశ్న: మీ శీర్షిక చదివి అడుగుతున్నాను. మా కోళ్ల షెడ్డులో కోడిపిల్లలను వెచ్చగా ఉంచే గ్యాస్ బ్రూడర్‌కు థర్మోస్టాట్ ఉంది. అది 35 చూపిస్తుంటే పిల్లలు మాత్రం గుంపుగా ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.*
– రైతు, తణుకు దగ్గరి గ్రామం

సమాధానం: మీదీ రావులపాలెం వారి సమస్యే. కొలత గది మధ్యలో ఎత్తున వేలాడుతోంది, చలి నేలమీద ఉంది. సెన్సరును పిల్లల వీపు ఎత్తుకు, బ్రూడర్ అంచు కిందికి దించండి. మొదటి వారం 35 డిగ్రీలు అక్కడ ఉండాలి, ఆ తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. పిల్లలు సమంగా పరుచుకుని తిరుగుతుంటే మీటరు ఏమి చూపినా పర్వాలేదు.

*ప్రశ్న: హీటర్ పనిచేయని రాత్రి లోపలి గ్యాస్ పొయ్యి వెలిగించి వెచ్చగా పడుకున్నాము. ఇందులో ప్రమాదం ఉందా?*
– పాఠకురాలు, నరసాపురం

సమాధానం: ఉంది, మళ్లీ ఎప్పుడూ అలా చేయవద్దు. ఫర్నేస్ మండడానికి గాలిని బయటినుంచి తీసుకుని, పొగను బయటికే పంపుతుంది. వంటపొయ్యి మీరు పీల్చే గాలినే వాడుకుని, కార్బన్ మోనాక్సైడ్‌ను అదే గదిలో వదులుతుంది. ఆ విషవాయువుకు రంగు, వాసన లేవు, నిద్రలో ఉన్నవారికి మెలకువ కూడా రాదు. బొగ్గుల కుంపటికీ ఇదే మాట వర్తిస్తుంది. గ్యాస్ వాసన వస్తే మాత్రం ఏ స్విచ్చునూ ముట్టుకోకుండా అందరూ బయటకు వచ్చి, సిలిండరు వాల్వు మూసేయాలి.

ఫర్నేస్ కూడా దాని పొగగొట్టం తెరిచి ఉన్నంతవరకే క్షేమం. ట్రైలర్ నెలల తరబడి ఖాళీగా ఉన్నప్పుడు మట్టిగూళ్లు కట్టే కందిరీగలు బయటి గొట్టంలో చేరుతాయి. బొటనవేలంత గూడు చాలు, మంట పసుపు రంగుకు తిరిగి మసి పట్టడానికి. చలికాలం మొదట్లో టార్చిలైటుతో ఆ గొట్టంలోకి చూడమని, బయటి మూత చుట్టూ నల్లని మరకలు కనిపిస్తే హీటర్ వేయకుండా మెకానిక్‌ను పిలవమని మీ వాళ్లకు చెప్పండి. అలాగే గోడకున్న కార్బన్ మోనాక్సైడ్ అలారాన్ని తిప్పి, వెనక అచ్చువేసిన తేదీ చూడమనండి. ఆ సెన్సర్లు రకాన్ని బట్టి సుమారు 5 నుంచి 10 ఏళ్ల వరకే పనిచేస్తాయి. ట్రైలర్ పాతది కొన్నవారైతే, దాంతోపాటు వచ్చిన అలారం గడువు ఇప్పటికే దాటిపోయి ఉండవచ్చు.