చిన్న గూయీడక్‌ని తిరిగి పాతిపెట్టడం గురించి

సియాటిల్ దగ్గర బీచ్‌లో తవ్వితే చిన్న గూయీడక్ (ఇసుకలో లోతుగా బతికే, పొడవాటి మెడ ఉన్న పెద్ద ఆల్చిప్ప) వచ్చిందని, జాలిపడి మళ్లీ ఇసుకలో పాతేశానని, అది తప్పా అని అడిగారు కదా. మీ ఉద్దేశం మంచిదే అండి, కానీ అది బతకడం కష్టం. కొంచెం ఎదిగాక గూయీడక్‌కి తనంతట తాను మళ్లీ లోపలికి తవ్వుకునే శక్తి ఉండదు, పైగా తవ్వేటప్పుడు దాని పొడవాటి మెడ తెగినా, గుల్ల పగిలినా చచ్చిపోయినట్టే. అందుకే వాషింగ్టన్ రాష్ట్రంలో రోజుకి మనిషికి మూడే, అదీ మొదట తవ్విన మూడూ చిన్నవైనా, విరిగినవైనా ఉంచుకోవాల్సిందే. ఈసారి అలాగే చేయండి, గుంతలు కూడా పూడ్చి రండి.

ఇక "సముద్రం అడుగున లక్షల్లో ఉన్నాయి కదా, మూడే ఎందుకు" అన్నారు. ఉన్నవి చాలావరకు ముసలివి! గుల్ల మీద వలయాలు లెక్కపెడితే 168 ఏళ్ల గూయీడక్ కూడా దొరికింది. పిల్లలు మాత్రం చాలా తక్కువగా నిలబడతాయి, ఒకచోట ఖాళీ చేస్తే మళ్లీ నిండటానికి దశాబ్దాలు పడుతుంది. అక్కడ వ్యాపారానికి తీసే డైవర్లకి కూడా ఏడాదికి నిల్వలో సుమారు 2.7 శాతమే పరిమితి, అందులో సగం ఒప్పంద హక్కులున్న ఆదివాసీ తెగలది.

ఇంకో మాట, వెళ్లేముందు లైసెన్స్ తీసుకోవడంతో పాటు ఆ బీచ్‌లోని ఆల్చిప్పల్లో విషం ఉందన్న హెచ్చరిక ఏమైనా ఉందేమో ఆరోగ్య శాఖ మ్యాప్‌లో తప్పకుండా చూడండి, ఆ విషం వండినా పోదు.