ఆ ఒక్క క్రియ గురించి

తమ్ముడూ,

కథ రెండుసార్లు చదివాను. బాగుంది. కానీ రెండుసార్లూ నాలుగో పేజీలోనే ఆగిపోయాను. ‘ఆమె తన మౌనాన్ని ఆర్కెస్ట్రేట్ చేసుకుంది’ అని రాశావు. గదిలో ఆమె తప్ప ఇంకెవరూ లేరు. ఒక్క మనిషి, ఒక్క మౌనం. ఆర్కెస్ట్రేట్ చేయడానికి అక్కడ ఏముంది?

ఆ మాట పుట్టుక చూడు. గ్రీకుల రంగస్థలంలో బృందం నాట్యమాడే చోటు ఆర్కెస్ట్రా. తర్వాత వాద్యకారులు కూర్చునే చోటయింది, ఆపైన ఆ బృందానికే పేరయింది. 19వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు దాన్ని క్రియ చేసుకున్నారు. బాణీ కట్టడం కాదు దాని అర్థం, బృందం ముందు నిలబడి చేతులు ఊపడమూ కాదు. ఉన్న బాణీలో ఏ వాద్యానికి ఏ ముక్క ఇవ్వాలో పంచిపెట్టడం. రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ 1874లో పియానోకని రాసిన ‘పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్’ను 1922లో ఫ్రెంచి స్వరకర్త రావెల్ వాద్యబృందానికి మలిచాడు. మొదటి వరసను ఒంటరి ట్రంపెట్‌కి ఇచ్చాడు, అందులోనే ‘పాత కోట’ అనే భాగంలోని పాటను శాక్సఫోన్‌కి. స్వరాలు ఒకరివి, పంపకం ఇంకొకరిది. తాను కనపడకుండా పదిమంది చేత పది పనులు వేళకు చేయించడం అనే అర్థం, కాస్త కుట్ర వాసనతో సహా, అక్కడినుంచే వచ్చింది.

తొమ్మిదో పేజీలో పిన్ని గొడవను ‘ఆర్కెస్ట్రేట్ చేసింది’. అక్కడ మాట తప్పు కాదు. అయినా కొట్టెయ్యి.

నా తొలి కథల్లో ఒక పెద్దాయన అన్నదమ్ముల చేత తగాదా పెట్టిస్తాడు. ఎవరు ముందు లేవాలో, ఎవరు ఏడవాలో, ఎవరు నోరు మెదపకూడదో రాత్రే చెప్పి ఉంచుతాడు. అరపేజీ రాశాను. సంపాదకుడొకాయన అదంతా కొట్టేసి ఈ ఒక్క మాట పెట్టాడు, ఆధునికంగా ఉంటుందట! కథ చదివినవాళ్లలో ఒక్కరికీ ఆ పెద్దాయన గుర్తులేడు. ముప్పై ఏళ్లయింది, నా కోపం తగ్గలేదు. ఇప్పుడు వార్తల్లో ప్రతి సమ్మే, ప్రతి ఫిరాయింపూ ఆర్కెస్ట్రేటే. ఎవరు ఎవరికి ఏం పురమాయించారో రాసే ఓపిక ఎవరికీ లేదు.

సంగీతం మనకూ మాటలిచ్చింది. వంత పాడాడంటే ముందు పాట ఎత్తుకున్నవాడు ఒకడున్నాడని వెంటనే తెలుస్తుంది. బాకా ఊదాడంటే ఎవరి కోసమో అని వెతుకుతాం. నీ క్రియ అలా మనుషుల్ని చూపించదు, మింగేస్తుంది.

పిన్ని ఏ మాట ఎవరి చెవిన వేసిందో, బావ ఎంతసేపు ఆగి తలుపు తట్టాడో రాసి, ఆ పేజీ ఒక్కటీ నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్న